ఇన్‌ఛార్జి గవర్నర్‌కు గడువు ఏది?

2024 మార్చి 18న తెలంగాణ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ రాజీనామా చేశారు. లోక్‌సభకు పోటీ చేయాలన్నది ఆమె నిర్ణయం. రెండు రోజులు తిరక్కుండానే జార్ఖండ్ గవర్నర్ సి.పి.రాధాకృష్ణన్ హైదరాబాద్ వచ్చి, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ అలోక్ అరాధే ఎదుట ప్రమాణం చేసి అదనపు బాధ్యత స్వీకరించారు. తమిళిసై చూస్తూ వచ్చిన పుదుచ్చేరి కూడా ఆయనకే అప్పగించారు. రాంచీ, హైదరాబాద్, పుదుచ్చేరి, మూడింటికీ ఒక్కరే. తెలంగాణకంటూ ప్రత్యేకంగా గవర్నర్‌గా జిష్ణుదేవ్ వర్మ ప్రమాణం చేసేసరికి జులై 31 వచ్చింది. ఈ నాలుగు నెలల పైచిలుకు కాలంలో జరిగిందేదీ రాజ్యాంగానికి విరుద్ధం కాదు. ఇన్‌ఛార్జి ఎన్నాళ్లు ఉండవచ్చో రాజ్యాంగం అసలు చెప్పలేదు కనుక విరుద్ధమయ్యే అవకాశమే లేదు. ఆ గడువు రాసి ఉండాలన్నది నా వాదన.

రాజ్యాంగంలో ఉన్నది కొంచెమే. 156వ అధికరణం ప్రకారం గవర్నర్ పదవీకాలం ఐదేళ్లు. అయితే రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతవరకే ఆ పదవి. రాజీనామా లేఖ రాష్ట్రపతికి రాయాలి. ఐదేళ్లు నిండినా కొత్తవారు వచ్చేదాకా పాతవారే కొనసాగుతారు. మధ్యలోనే ఖాళీ అయితే ఏం చేయాలో ఆ అధికరణంలో లేదు. 160వ అధికరణం మాత్రం, ఈ అధ్యాయంలో చెప్పని పరిస్థితి వస్తే రాష్ట్రపతి తనకు తగినట్టు ఏర్పాటు చేయవచ్చంటుంది. ఆచరణలో అది కేంద్ర ప్రభుత్వ నిర్ణయమే. రాష్ట్రపతి పదవి విషయంలో రాజ్యాంగ నిర్మాతలు ఇలా వదిలేయలేదు. ఖాళీ వస్తే ఉపరాష్ట్రపతి ఆ బాధ్యత చూడాలనీ, ఆరు నెలల్లోపు ఎన్నిక జరగాలనీ స్పష్టంగా రాశారు. గవర్నర్ దగ్గరికి వచ్చేసరికి ఎవరన్నదీ లేదు, ఎంతకాలమన్నదీ లేదు.

అందుకే మన దగ్గర ఒక్కోసారి ఒక్కో పద్ధతి నడిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1975లో జస్టిస్ ఎస్.ఓబుల్ రెడ్డి, 1977లో జస్టిస్ బి.జె.దివాన్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తులుగా ఉంటూ గవర్నర్ బాధ్యతలు చూశారు. 1997లో కృష్ణకాంత్ ఉపరాష్ట్రపతి అయినప్పుడు ఒడిశా గవర్నర్ గోపాల రామానుజం వచ్చారు. 2009 డిసెంబరులో ఎన్.డి.తివారీ రాజీనామా చేసినప్పుడు ఛత్తీస్‌గఢ్ గవర్నర్ ఇ.ఎస్.ఎల్.నరసింహన్‌కు అదనపు బాధ్యత ఇచ్చారు. తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజులవి. తాత్కాలికంగా వచ్చిన నరసింహన్ మరుసటి నెలలోనే పూర్తిస్థాయి గవర్నర్ అయ్యారు, రాష్ట్రం రెండయ్యాక రెండింటికీ గవర్నర్‌గా కొనసాగారు, 2019 సెప్టెంబరులో గానీ రాజ్‌భవన్ విడిచి వెళ్లలేదు. ఆయన సమర్థత వేరే సంగతి. ఆయన ఎప్పటిదాకా ఉంటారని అడిగితే చూపించడానికి చట్టంలో ఒక తేదీ లేదు.

గవర్నర్ ఎలాగూ మంత్రిమండలి సలహా మేరకే నడుచుకుంటారు, ఇన్‌ఛార్జి అయితే నష్టమేమిటని అడిగేవారున్నారు. మామూలు రోజుల్లో ఇది నిజమే. కానీ హైటెక్ సిటీ ఉద్యోగుల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2014 పునర్విభజన చట్టం జీహెచ్‌ఎంసీ పరిధిని పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని చేసింది. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ అన్నీ అందులోనివే. అక్కడ నివసించే వారి ప్రాణ, స్వేచ్ఛ, ఆస్తి రక్షణను 8వ సెక్షన్ గవర్నర్ ప్రత్యేక బాధ్యత చేసింది. మంత్రిమండలిని సంప్రదించాక సొంత విచక్షణతో నిర్ణయించవచ్చు, ఆ నిర్ణయమే అంతిమం. పదేళ్లు ముగిసింది 2024 జూన్ 2న. అంటే చివరి రెండు నెలల పైచిలుకు ఆ అధికారం రాంచీలోనూ పని ఉన్న ఇన్‌ఛార్జి చేతిలో ఉంది. దాన్ని ప్రయోగించాల్సిన అవసరం పడలేదు. పడి ఉంటే, నిలకడగా ఇక్కడే ఉండే గవర్నర్ లేకుండా ఆ నిర్ణయం జరిగేది.

రాజ్‌భవన్‌లో ఎవరున్నారన్నది ఎంత ముఖ్యమో తెలుగువాళ్లకు 1984 చెప్పింది. ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. ఊరూవాడా భగ్గుమంది. రామ్‌లాల్ తప్పుకోక తప్పలేదు. నెలాఖరుకు శంకర్ దయాళ్ శర్మ గవర్నర్‌గా వచ్చారు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అసెంబ్లీ అదే, రాజ్యాంగమూ అదే. ప్రజాగ్రహం, ఎమ్మెల్యేల బలం అసలు కారణాలే అయినా, గవర్నర్ మారడం వాటికి దారి ఇచ్చింది.

అమెరికాలోలా వారసుణ్ణి ముందే తేల్చేస్తే సరిపోతుందనేవారికి ఒక జవాబు ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన తెలుగింటి ఆడపడుచు అరుణా మిల్లర్ 2023 జనవరిలో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. అక్కడ గవర్నర్ పదవి వదిలితే ఆ కుర్చీ లెఫ్టినెంట్ గవర్నర్‌కే దక్కుతుంది. కానీ అక్కడివారు ప్రజలెన్నుకున్న పాలకులు, మన గవర్నర్ నియమితులు. ఇక్కడ ఎవరిని ముందే ఖరారు చేసినా చిక్కులున్నాయి. ప్రధాన న్యాయమూర్తి అయితే ప్రభుత్వం మీద వేసే కేసులు ఆయన కోర్టుకే వస్తాయి. పొరుగు గవర్నర్ అంటే తెలంగాణకు ఆంధ్రప్రదేశ్ గవర్నర్ రావచ్చు. కృష్ణా జలాల తగాదా నడుస్తుండగా అది ఎవరికీ రుచించదు. కాబట్టి ఎవరన్నది కేంద్రానికే వదిలేయవచ్చు, ఎంతకాలమన్నది మాత్రం కాదు.

2024లో ఎన్నికల కోడ్ ఉంది కదా అనవచ్చు. ఆ కోడ్ జూన్ మొదటి వారంలోనే ముగిసింది, కొత్త గవర్నర్ పేరు వెలువడింది జులై చివర్లో. గడువు పెట్టినా కేంద్రం దాటేస్తుందన్న అనుమానం తీసిపారేసేది కాదు. అప్పుడు కనీసం పార్లమెంటులో నిలదీయడానికి, కోర్టుకెళ్లడానికి ఒక తేదీ చేతిలో ఉంటుంది. రాష్ట్రపతి పదవికే ఆరు నెలలు చాలినప్పుడు, ఎన్నిక అక్కర్లేని గవర్నర్ నియామకానికి మూడు నెలలు ధారాళం. 156వ అధికరణంలో ఆ గడువు చెప్పే ఒక్క వాక్యం చేర్చడానికి రాష్ట్రాల అసెంబ్లీల ఆమోదం అవసరం లేదు, పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ ఉంటే చాలు.