ట్రాలీ వెయిట్

చలికాలం వస్తే ఇంగ్లండ్ ప్రభుత్వాసుపత్రుల వార్తల్లో ఈ మాట తప్పదు. అత్యవసర విభాగంలో ఉన్న రోగిని చేర్చుకోవాలని వైద్యులు నిర్ణయించినప్పటి నుంచి వార్డులో మంచం దొరికేదాకా పట్టే సమయమిది. 12 గంటలు దాటినవాటిని విడిగా ప్రకటిస్తారు. కిటుకంతా గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నదే. ఉదయం 8కి వచ్చిన మనిషిని చేర్చుకోవాలని మధ్యాహ్నం 3కి తేలిస్తే, ముందరి 7 గంటలూ ఈ లెక్కలోకి రావు. రోగికి మాత్రం అవీ గంటలే! విమర్శలొచ్చాక, 2023 నుంచి రాక మొదలుకొని కొలిచిన అంకెలనూ నెలనెలా ఇస్తున్నారు. అవి చాలా పెద్దవి.

జాప్యానికి మూలం తరచు వార్డుల్లో ఉంటుంది. నయమైనా, ఇంటి దగ్గర చూసుకునే ఏర్పాటు కుదరక వృద్ధులు అక్కడే ఉండిపోతారు. మంచాలు సగటున 85 శాతానికి మించి నిండితే కొరత ముప్పు మొదలవుతుందని 1999లో ఒక బ్రిటిష్ అధ్యయనం లెక్కగట్టింది. ఇంగ్లండ్‌లో ఇప్పుడది 90 శాతం పైనే.