అంతరిక్షమున వన్నె మారిన తెలుపు

ఎండలో తెల్లని వస్త్రము చల్లగా నుండుటకు కారణము, అది వెలుగును వెనుకకు మరలించుటయే. కొన్ని ఉపగ్రహములకు తెల్లరంగు పూయుటయు నిందులకే. ఆ తెలుపు అంతరిక్షమున నిలుచునా?

1984 ఏప్రిల్‌లో అమెరికావారు ‘ఎల్‌డెఫ్’ అను ఉపగ్రహమును పరీక్షార్థము కక్ష్యలో విడిచి, 1990 జనవరిలో భూమికి తిరిగి తెచ్చిరి. అది సదా ఒకే ముఖము ముందుగా పరిభ్రమించెను. దాని వెనుకవైపున ఒక తెల్లరంగు గోధుమవన్నెకు తిరిగినది; ముందువైపున తెల్లగానే యున్నది! రంగుపొడిని పట్టియుంచు జిగురును అతినీలలోహిత కిరణములు నల్లబరచినవి. ముందువైపున మాత్రము, ఎదురుగా వచ్చి తాకిన ఆమ్లజని పరమాణువులు ఆ మాసిన పొరను గీకివేసినవి.

రంగు మాసిన కొలది వేడి పెరుగును. లోని యంత్రములు చెడవచ్చును. కావున నిర్మాతలు లెక్కింపవలసినది తొలినాటి తెలుపును కాదు, తుదినాటి వన్నెను.