పంచాయతీ కంప్యూటరులో తెలుగు వ్రాత

గ్రామ పంచాయతీకి క్రొత్త కంప్యూటరు వచ్చినదనగా కార్యాలయమున సందడి కలుగును. బల్ల ఎక్కడ వేయవలెను, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎంతసేపు నిలుచును, ప్రింటరు ఏ మూల ఉండవలెను అని సభ్యులు తలకొక మాట చెప్పుదురు. ఆ యంత్రములో తెలుగు వ్రాయుటకు ఏ సాఫ్ట్‌వేరు ఉండవలెనను ప్రశ్న మాత్రము ఎవరి నోటను రాదు. అమ్మిన దుకాణదారు తనకు అలవాటైన దానిని ఎక్కించి పోవును. పంచాయతీ కాగితముల తలవ్రాతను పదేండ్లపాటు నిర్ణయించునది అదియే.

ఈ మాట ఊరక చెప్పుట లేదు. మేము చూచిన ఒక పంచాయతీలో చెఱువు శిఖము సరిహద్దును గూర్చి తగవు వచ్చినది. పండ్రెండేండ్ల క్రిందట గ్రామసభ ఆ విషయమున ఒక తీర్మానము చేసియుండెను. మినిట్స్ పుస్తకములో ఆ పుటలను చెదలు తినివేసినవి. తీర్మానము కంప్యూటరులో కూడ టైపు చేయబడినదని పెద్దలకు జ్ఞాపకముండుటచే కార్యదర్శి పాత ఫైలును వెదకి తెఱచెను. తెఱమీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరములు, ప్రశ్నార్థకములు, డాలరు గుర్తులు కలగాపులగముగా కనిపించినవి. టైపు చేసిన ఉద్యోగి బదిలీపై వెళ్ళిపోయెను. అతడు వాడిన ఫాంటు పాత యంత్రముతో పాటే తుక్కు సామానులో కలిసినది. చివరకు జిల్లా కేంద్రమున ఒక అచ్చు దుకాణములో ఆ ఫాంటు దొరకి, అక్షరములు మరల తెలుగైనవి; కాని అప్పటికి రెండు నెలలు గడచి, ఇరుపక్షములవారును మాటామాటా పెంచుకొనియుండిరి.

ఇట్లు ఏల జరిగినది? కంప్యూటరుకు అక్షరము తెలియదు, అంకె మాత్రమే తెలియును. ఇంగ్లీషు పెద్దబడి మొదటి అక్షరమునకు అది 65 అను అంకెను దాచుకొనును. దానిని తెఱపై చూపవలసినప్పుడు, ఆ అంకెకు ఫాంటులో ఏ బొమ్మ ఉన్నదో ఆ బొమ్మను గీయును. తెలుగునకు వేఱుగా అంకెలు వాడుకలోనికి రాని కాలమున మన సాఫ్ట్‌వేరు నిపుణులు ఒక ఉపాయము పన్నిరి. ఇంగ్లీషు అక్షరముల అంకెలనే తీసుకొని, వాటి బొమ్మల స్థానమున తెలుగు తలకట్టులను, గుడులను, వత్తులను ఉంచిరి. చూచుటకు తెలుగు, లోపల దాగినది ఇంగ్లీషు అంకె. పైగా ఒక్కొక్క సంస్థ తన ఇష్టము వచ్చిన అంకెకు తన ఇష్టము వచ్చిన బొమ్మను కేటాయించుకొనెను. ఆ ఫాంటు ఉన్నంతవరకు అంతయు సవ్యముగా ఉండును. అది తొలగిన మరుక్షణమున ముసుగు జారి, లోపలి ఇంగ్లీషు బయటపడును. ఆ నాటి నిపుణులను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. వారి కృషివలననే తెలుగు అచ్చుపని కంప్యూటరు ఎక్కినది. పెండ్లి పత్రికలకు, గోడ పత్రికలకు ఆ అందమైన ఫాంట్లు ఇప్పటికిని ఉపయోగపడుచున్నవి. పెండ్లి పత్రికను పండ్రెండేండ్ల తరువాత తెఱచి చూడవలసిన అగత్యము లేదు గదా!

ఈ చిక్కును విడదీసిన ఏర్పాటునకు యూనికోడు అని పేరు. ప్రపంచ భాషల లిపులన్నిటికిని వేఱువేఱు అంకెలను కేటాయించు ఈ పట్టిక 1991 సంవత్సరమున మొదటిసారి వెలువడినది. అందు తెలుగునకు తొలినాటి నుండియు చోటు కలదు. 3072 మొదలు 3199 వఱకు గల 128 స్థానములు తెలుగు లిపివి. ‘క’ అనునది ఏ దేశమున, ఏ యంత్రమున, ఏ ఫోనులో ఉన్నను 3093 మాత్రమే. వత్తులకు వేఱు అంకెలు లేవు. ‘క్ష’ కావలెనన్న ‘క’, పొల్లు, ‘ష’ అను మూడింటి అంకెలు వరుసగా ఉండును. వాటిని కలిపి ఒక్క రూపముగా గీయు భారము ఫాంటుది, సాఫ్ట్‌వేరుది. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరములో ఆఱు అంకెలు ఇమిడియున్నవి. ఫాంటు పోయినను అంకెలు తెలుగువే గనుక, మఱియొక తెలుగు ఫాంటు వచ్చి ఆ పని చేయును. అక్షరముల సొగసు మాఱవచ్చును, చదువు చెడదు. కేంద్ర ప్రభుత్వము 2009లో ఎలక్ట్రానిక్ పరిపాలనకు యూనికోడును ప్రమాణముగా ప్రకటించినది. కావున పంచాయతీ కంప్యూటరులో మొదట చూడవలసినది సాఫ్ట్‌వేరు పేరును గాదు, అది వ్రాయునది యూనికోడు తెలుగా కాదా అన్నదే.

దీనిని పరీక్షించుటకు పాండిత్యము అక్కఱలేదు. ‘స్త్రీ’, ‘రాష్ట్రము’, ‘క్షేత్రము’ అను మాటలను టైపు చేయింపుడు. ఆ వాక్యమును తీసికొని సర్పంచి ఫోనునకు సందేశముగా పంపింపుడు. ఫోనులో తెలుగుగా కనిపించెనా, అది యూనికోడు. ఇంగ్లీషు గజిబిజి కనిపించెనా, ఆ సాఫ్ట్‌వేరును తీసివేయుమని దుకాణదారుతో అక్కడికక్కడే చెప్పుడు. డబ్బు చెల్లింపకముందే ఈ పరీక్ష జరుగుట మంచిది.

ఇక సాఫ్ట్‌వేరుల మాట. మన కార్యాలయములలో తఱచు వినబడు పేరు మైక్రోసాఫ్ట్ వర్డు. అది మంచి సాఫ్ట్‌వేరే. యూనికోడు తెలుగును చక్కగా వ్రాయును. మండల, జిల్లా కార్యాలయములలో చాలమందికి అది అలవాటు. దానికి డబ్బు చెల్లింపవలెను. ఒకసారి కొనునది ఒక విధము, ఏటేట చందా కట్టునది మఱియొక విధము. క్రొత్త కంప్యూటరుతో ఉచితముగా వచ్చినదని కొందఱు భ్రమపడుదురు. అది కొద్దికాలపు పరీక్షార్థపు ప్రతి అయినచో, గడువు తీరగానే పాత ఫైళ్ళను చూడనిచ్చునే గాని దిద్దనీయదు. ఇంతకంటె ప్రమాదకరమైనది లైసెన్సు లేని దొంగ ప్రతి. ‘అందఱు వేయుచున్నదే గదా’ అని దుకాణదారు అనవచ్చును. ప్రజల సొమ్ముతో నడచు సంస్థకు అది తగదు. ఆడిటు వచ్చిననాడు సమాధానము చెప్పవలసినది దుకాణదారు కాదు. అట్టి ప్రతులతో వైరసులు చొరబడుటయు కద్దు. పాత ప్రతులు చౌకగా ఇచ్చెదమనువారి మాటను కూడ నమ్మరాదు. ఆఫీసు 2016, ఆఫీసు 2019 ప్రతులకును, విండోస్ 10కిని ఆ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్‌తో పాటు ఊరకే వచ్చుచుండిన వర్డ్‌ప్యాడ్ అను చిన్న సాఫ్ట్‌వేరు కూడ 2024లో వచ్చిన విండోస్ 11 కూర్పు నుండి తొలగింపబడినది.

డబ్బు లేకుండ న్యాయముగా దొరకునది లిబ్రె ఆఫీసు. 2010లో ఓపెన్ ఆఫీసు నుండి చీలి ఏర్పడిన ఈ సాఫ్ట్‌వేరును డాక్యుమెంట్ ఫౌండేషన్ అను సంస్థ పోషించుచున్నది. లైసెన్సు రుసుము లేదు, గడువు లేదు. ఒక యంత్రమునకు ఎక్కించినను, పాఠశాలలోని పది యంత్రములకు ఎక్కించినను అడుగువారు లేరు. ఇందలి వ్రాత విభాగమునకు రైటరు అని పేరు. ఇది తన ఫైళ్ళను దాచు పద్ధతి 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది. ఆ పద్ధతి వివరములు అందఱికిని బహిరంగముగా లభించుటచే, రేపు ఒక సంస్థ మూతపడినను మఱియొక సాఫ్ట్‌వేరు ఆ ఫైలును తెఱవగలదు. వర్డు ఫైళ్ళను కూడ రైటరు తెఱచును. పట్టికలు ఎక్కువగా ఉన్న కాగితములలో గళ్ళు కొంచెము జరుగుట మేము చూచితిమి. ఇది దాచవలసిన సంగతి కాదు. అందుచేత పై కార్యాలయమునకు పంపు తుది ప్రతిని పి.డి.ఎఫ్.గా మార్చి పంపుట మేలు. ఆ సౌకర్యము రెండింటిలోను కలదు.

ఇంటర్నెట్టులో వ్రాయు గూగుల్ డాక్స్ మూడవది. ఇద్దఱు వేఱువేఱు చోట్ల నుండి ఒకే కాగితమును దిద్దవచ్చును. తెలుగులో మాటలాడినచో అదియే టైపు చేయును. కాని నెట్టు నిలకడలేని ఊళ్ళలో దీనిని ప్రధానముగా పెట్టుకొనుట సాహసము. మాటలను అక్షరములుగా మార్చు సాధనములు దినదినము మెఱుగగుచున్నవి. గ్రామసభ ధ్వని ముద్రణ నుండి కార్యక్రమ నివేదికను తయారుచేయు ‘సభాసార్’ను కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఆగస్టులో ప్రారంభించినది. ఇట్టివి శ్రమను తగ్గించును గాని, ఇంటిపేర్లు, సర్వే నంబర్లు, మొత్తములు ఉన్న చోట మనిషి కన్ను తప్పదు. 142కు బదులు 124 పడినచో చెఱువు గట్టు ఇంకొకరి చేనిలోనికి పోవును!

మా అభిప్రాయమును దాచక చెప్పుచున్నాము. వర్డుకు లైసెన్సు ఇదివఱకే ఉన్న పంచాయతీ దానినే వాడుకొనవచ్చును. లేనిచోట దానికొఱకు క్రొత్తగా వెచ్చింపక, లిబ్రె ఆఫీసు వేయించి, మిగిలిన సొమ్ముతో మంచి కీబోర్డు, రెండు పెన్ డ్రైవులు కొనుట ఉచితము. నోటీసులు, ఎజెండా, తీర్మానములు, ఉత్తరములు ఇవియే మన వ్రాత పనులు. జమాఖర్చులు 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ పోర్టలులో నమోదగుచున్నవి గనుక వాటికి ఈ సాఫ్ట్‌వేరుతో నిమిత్తము లేదు.

కీబోర్డు విషయమున కార్యదర్శుల మధ్య వాదము తెగదు. ఇన్‌స్క్రిప్టు అను అమరిక 1986 నాటిది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపున, హల్లులు కుడిచేతి వైపున ఎక్కువగా ఉండును. ఎడమచేతి నడిమివ్రేలి క్రింది మీట పొల్లు. దానితో ఏ వత్తునైనను వ్రాయవచ్చును. దీనిని నేర్చినవాడు అదే మీటలతో హిందీ, కన్నడములను కూడ టైపు చేయగలడు. ఇంగ్లీషు అక్షరములతో ఉచ్చారణ ననుసరించి వ్రాయు ఫొనెటిక్ పద్ధతి తొలినాడే పట్టుపడును. ఈ రెండును విండోస్‌లోనే ఉన్నవి; వేఱుగా కొననక్కఱలేదు. చిన్న వయసువారు కొన్ని వారములు ఓర్చి ఇన్‌స్క్రిప్టు నేర్చుకొనుట లాభమని మా తలంపు. ఫొనెటిక్‌లో ‘ణ’, ‘ళ’, ‘ఠ’ల వద్ద చేయి తడబడును. టైపు మిషను నాటి అలవాటు గల పెద్దలను క్రొత్త మీటలకై పీడింపవలదు. పాత అమరికలో కొట్టుచు యూనికోడు అక్షరములు రప్పించు సాధనములును కలవు.

ఫాంట్ల కొఱకు తడవుకొనవలసిన పని లేదు. విండోస్‌లో గౌతమి, నిర్మల ఉన్నవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన పేరుపొందినవి. మండలి, సురవరం, రామభద్ర వంటివి ఉచితముగా దొరకును. వరుసల నడుమ ఎడము మాత్రము కొంత ఎక్కువ ఉంచవలెను. లేనిచో పై వరుస వత్తులు క్రింది వరుస గుడులతో ముడిపడి, ముద్రించిన కాగితము వృద్ధులకు చదువ శక్యము కాదు. తీర్మానముల ఫైలుకు పేరు పెట్టునప్పుడు సంవత్సరము, నెల, తేదీ ముందు వచ్చునట్లు పెట్టినచో, ఫైళ్ళు వాటంతట అవే కాలక్రమమున నిలుచును. నెలకొకసారి రెండు పెన్ డ్రైవులలో ప్రతులు తీసి, ఒకదానిని కార్యాలయము వెలుపల భద్రపఱపవలెను. సంతకము పడిన మినిట్స్ పుస్తకము ఎప్పటివలెనే ఉండవలసినదే.

పాత కంప్యూటరును తుక్కునకు వేయుటకు ముందు ఇంకొక పని కలదు. అందలి తెలుగు ఫైళ్ళు ఏ ఫాంటులో ఉన్నవో, దానిని టైపు చేసినవారు ఇంకను ఊరిలో ఉండగానే అడిగి వ్రాసికొనవలెను. ఫాంటు ఫైలును కూడ ఒక పెన్ డ్రైవులోనికి తీసుకొనవలెను. పాత ఫాంట్ల వ్రాతను యూనికోడుగా మార్చు సాధనములు దొరకుచున్నవి. మార్చిన పిమ్మట అంకెలను, పేర్లను ఒకరు చదువుచుండ మఱియొకరు పాత ముద్రిత ప్రతితో సరిచూడవలెను. భూములకు, చెఱువులకు, దారులకు సంబంధించిన తీర్మానములతో ఈ పని మొదలుపెట్టుడు.