రాయి మన్నగుట, మన్నులో నీరు నిలుచుట

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో బావి త్రవ్వించిన ప్రతి రైతునకును ఒక సంగతి అనుభవములోనిదే. పైన మూరెడో బారెడో ఎఱ్ఱమన్ను. దాని క్రింద చేతితో నలిపిన నలిగెడు గరుసు. ఆ క్రింద గడ్డపార దిగని బండ. చూపునకు ఇవి మూడు వేర్వేరు వస్తువులు. నిజమునకు పలుచోట్ల మూడును ఒక్కటే రాయి, మూడు దశలలో నున్నది. దీనిని తెలిసికొనుట వట్టి కాలక్షేపము గాదు. అప్పు చేసి బోరు వేయింపదలచిన వారికిని, వాననీటిలో తమ మన్ను కొట్టుకొనిపోవుట చూచుచున్న వారికిని ఇందు లాభనష్టముల లెక్క యున్నది.

మొదట బండ పుట్టుకను జెప్పెదము. దీనిని గ్రానైటు అందురు. భూగర్భమున మైళ్లకొలది లోతున కరగియున్న శిలాద్రవము బహుకాలము మెల్లమెల్లగా చల్లారి గట్టిపడగా ఇది యేర్పడినది. మెల్లగా చల్లారినందుననే దాని పలుకులు పెద్దవై కంటికి గానవచ్చును. గాజువలె మెఱయునది పలుగురాయి. పాలవన్నెనో గులాబివన్నెనో యుండునది ఫెల్‌స్పారు. పొరలుగా ఊడి తళతళలాడునది కాకిబంగారము, అనగా అభ్రకము. ఈ ప్రాంతపు బండ వయస్సు సుమారు 250 కోట్ల యేండ్లని శాస్త్రజ్ఞుల లెక్క. దానిపై గప్పియున్న మైళ్ల మందమును వానలు, గాలులు, ఏరులు కడిగివేయగా నేడది మన పొలములలో తలయెత్తి యున్నది.

ఇంతటి అరుగుదల నిజముగా జరిగినదా యని సందేహించువారికి తిరుమల ఘాటురోడ్డే సాక్ష్యము. కొండ క్రిందిభాగము గ్రానైటు. పైభాగము పలకలు పేర్చిన గోడవలె నిట్టనిలువుగా నుండును. ఈ పైరాయికి నగరి క్వార్ట్‌జైటు అని పేరు. పాతరాయి అరిగి వచ్చిన ఇసుక పూర్వమొకప్పుడు నీటియడుగున పొరలుపొరలుగా పేరుకొని, పైబరువునకు అణగి, రేణువుల నడుమ సిలికా సున్నమువలె పట్టుకొనగా ఈ రాయి యయ్యెను. దీని వయస్సు సుమారు 160 కోట్ల యేండ్లని చెప్పుదురు. ఈ రెండు రాళ్లును కలియు గీతలో పదులకోట్ల యేండ్ల కాలము అణగియున్నది. ఆ కాలమంతయు అరుగుటయే గాని, అచ్చట రాయిగా మిగిలినది లేదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖవారు దీనిని జాతీయ స్మారకముగా నెంచిరి. కొండపైనున్న శిలాతోరణమును అట్టి స్మారకమే. సుమారు 25 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తుగల ఆ తోరణమును ఏ శిల్పియు చెక్కలేదు. మెత్తని భాగము నీటికిని గాలికిని అరిగిపోగా గట్టిభాగము నిలిచినది.

కొండపై జరిగినదే మన పొలములోను జరుగుచున్నది. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత గ్రహించి స్వల్పముగా ఆమ్లమగును. వేళ్లు విడుచు వాయువు ఆ గుణమును హెచ్చించును. ఈ నీరు బండ పగుళ్లలో దిగి ఫెల్‌స్పారును జిగటమన్నుగా మార్చును. పైరునకు వలసిన పొటాషును విడిపించును. నల్ల అభ్రకము మొదలగు వానిలోని యినుము తుప్పుపట్టుటచే మన్నునకు ఎఱ్ఱదనము గలుగును. పలుగురాయి మాత్రము కరగక ఇసుకయై నిలుచును. స్వర్ణముఖిలోని ఇసుకలో చాలభాగమిదియే. ఇట్లు ఒక అంగుళము మన్ను తయారగుటకు వందల యేండ్లు, ఒక్కొక్కచోట వేయి యేండ్లును బట్టును. వాలునేలలో వాలువెంబడి దున్నినచో ఒక్క జడివాన ఆ మన్నును కొల్లగొనగలదు.

ఇక నీటి మాట. చెడని గ్రానైటులో నీరు నిలుచుటకు చోటు లేదు. నీరు నిలుచునది గరుసులో. దాని క్రింద బండ పగుళ్లలో. మన తాతలు కపిల తోలిన బావులు గరుసు నీటిమీదనే బ్రతికినవి. బోరు పగుళ్లకొఱకు వెదకును. కాని పగులునకు నీరిచ్చునది చాలవఱకు పైనున్న గరుసే. పైగా లోతు హెచ్చినకొలది పైబరువుచే పగుళ్లు సాధారణముగా మూసికొనుచు వచ్చును. కావున గరుసు ఎండినచోట ఇంకను లోతునకు బోయినచో నీరు పడునను ఆశ తఱచు అప్పుగానే మిగులును.

కొన్ని పొలములకు అడ్డముగా నల్లగుండ్ల వరుస గోడవలె సాగియుండును. పూర్వము గ్రానైటు పగుళ్లలోనికి క్రిందినుండి ఎగదన్నిన శిలాద్రవము గట్టిపడగా ఏర్పడినదది, డైకు అందురు. ఇది తఱచు భూగర్భజలమునకు ఆనకట్టవలె నుండును. దానికి ఎగువనున్న బావికి నీరుండి, దిగువబావి యెండుట కిది యొక కారణము. బోరునకు చోటు నిర్ణయించుటకు ముందు ఇట్టి గురుతులను చూచి, భూగర్భజల శాఖవారి సలహా పొందుట మేలు.

సహకారసంఘ సభ్యులకు నిలువధనమన నేమో వేఱుగ జెప్పనక్కఱలేదు. గరుసును మన్నును మనకు నిలువధనము. ఏటేట ఇంకెడు వాన దాని వడ్డీ. వడ్డీతో సేద్యము చేయువాడు నిలుచును. అసలు దినువాడు చెడును. కనుక వాలున కడ్డముగా దున్నుట, గట్లు నిలుపుట, పైతట్టున నీటిగుంటలు త్రవ్వుట, చెఱువు ఒండ్రును మరల పొలమునకు దోలుట మానరాదు. ఈ పనులు ఒక్కరు చేసిన కొంత ఫలము, ఒక వాలులోని రైతులందఱు గూడి చేసిన సంపూర్ణ ఫలము. పది కుటుంబములు పది బోర్లకు వేర్వేరుగా అప్పుపడుటకు ముందు, ఒక్కమాఱు కూర్చుండి తమ వాలులో వాననీరు ఎక్కడ నిలుచుచున్నదో, ఎక్కడ పోవుచున్నదో చూడవలెనని మా మనవి.