ఒకటో బస్తా, పదకొండో బస్తా ఒకటేనా?

ఇవాళ బియ్యం గురించి. అదేంటి, ఎకనామిక్స్ అన్నారుగా అంటారా? ఎకనామిక్సే!

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బియ్యం కొట్టు అనుకోండి. వరసగా 11 బస్తాలు, అన్నీ బీపీటీ 5204. (బీపీటీ అంటే మన బాపట్లే. 1986లో అక్కడి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సాంబ మసూరి ఇది.) ఒకటో బస్తాలో నూక లేదు. రెండోదాంట్లో 2 శాతం, మూడోదాంట్లో 4, అలా పదకొండోదాంట్లో 20 శాతం. బస్తా బస్తాకీ పది రూపాయలు తగ్గుతుంది.

ఒకటి, రెండు బస్తాల్లోంచి చెరో గుప్పెడు తీసి చూస్తే తేడా తెలీదు. ‘రెండూ ఒకటేలే’ అని పది రూపాయలు తక్కువది తీసుకుంటాం. రెండు, మూడు పక్కన పెట్టినా అంతే. అలా జరుగుతూ జరుగుతూ పదకొండో బస్తా దగ్గర తేలతాం. ఇప్పుడు ఒకటోదీ పదకొండోదీ పక్కపక్కన పొయ్యండి. అమ్మమ్మ కళ్లజోడు లేకుండానే చెప్పేస్తుంది. వంద ఎక్కువైనా మొదటిదే తెమ్మంటుంది!

పాఠ్యపుస్తకంలో ట్రాన్సిటివిటీ అని ఒక రూల్ ఉంటుంది. ఎ, బి మీకు సమానం, బి, సి సమానం అయితే ఎ, సి కూడా సమానమే అవ్వాలి. అంకెలకైతే కరెక్టే. కానీ మనం ‘ఒకటే’ అన్నప్పుడు నిజంగా చెప్పింది ‘నాకు తేడా తెలియట్లేదు’ అని. అది వేరే సంగతి కదా.

1956లో డంకన్ లూస్ అనే అమెరికన్ దీన్ని కాఫీతో చెప్పాడు. మొదటి కప్పులో ఒక చక్కెర బిళ్ల, చివరి కప్పులో ఐదు. మధ్యలో కప్పు కప్పుకీ బిళ్లలో వందో వంతు పెంచుతూ మొత్తం 401 కప్పులు. పక్కపక్క కప్పుల తేడా ఎవరూ చెప్పలేరు, చివర్ల తేడా ఎవరైనా చెప్తారు. అందుకే ఆయన సెమీఆర్డర్ అనే లెక్క కట్టాడు. అందులో ‘ఇది దానికన్నా బాగుంది’ అనేది గొలుసులా సాగుతుంది, ‘రెండూ ఒకటే’ అనేది మాత్రం సాగదు. అంటే మనం తిక్కవాళ్లమేం కాదు, మన నాలుకకీ కంటికీ ఒక హద్దుంది, అంతే.

అసలు చిక్కు ఏంటంటే, ఆ 11 బస్తాలూ ఎవరూ ఒకేసారి చూపించరు. నెలకొకటి ఇంటికొస్తుంది. పోయిన నెల బియ్యంతోనే పోల్చుకుంటాం, అది కూడా గుర్తున్నంత వరకే. బిస్కెట్ ప్యాకెట్‌లో గ్రాములు తగ్గేదీ ఇలాగే.

కాబట్టి నచ్చిన బస్తాలోంచి ఒక గుప్పెడు సీసాలో పోసి దాచండి. కొత్త బస్తా వచ్చినప్పుడల్లా దాంతోనే పోల్చండి. ధర కూడా బస్తాకి కాదు, కేజీకి లెక్కెయ్యండి. 2022 జులైలో 25 కేజీల వరకు లేబుల్ ప్యాకింగ్‌కి 5 శాతం జీఎస్టీ పెట్టాక 26 కేజీల బస్తాలు కూడా వచ్చాయి మరి!