ఉల్లిగడ్డలా కనిపించే పూలగడ్డలు: మన ఎండలో ఏవి బతుకుతాయి, ఎలా పెంచాలి?

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే పూల ధర ఎట్లా పెరుగుతుందో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో పెళ్లి చేసిన ప్రతి ఇంటికీ తెలుసు. సెహ్రాలోకి, దండల్లోకి, స్టేజీ అలంకరణకు వాడే తెల్లటి లిల్లీ పూలను పెరట్లోనే పూయించుకోవచ్చు. పెరడు లేకపోతే స్లాబ్ మీద కుండీ చాలు. ఒక్కసారి గడ్డలు కొంటే తర్వాత పిల్లగడ్డలు అవే పుట్టుకొస్తాయి, మళ్లీ ఖర్చు ఉండదు.

కానీ ఉత్సాహంగా నాటిన గడ్డ మొదటి వానాకాలంలోనే కుళ్లిపోయిందనే మాట తరచూ వినిపిస్తుంది. దానికి ఎక్కువగా కారణం నీళ్లు ఎక్కువ కావడమే. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ గడ్డల్లో చాలావరకు చూడటానికి అచ్చం ఉల్లిగడ్డలా ఉంటాయి, కానీ తింటే విషం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ రెండూ ముందే తెలుసుకోవాలి.

గడ్డ ఎట్లా పనిచేస్తుంది?

కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు పండించే కుటుంబాలకు ఇది సులభంగా అర్థమవుతుంది. పసుపు కొమ్ము నేలలో తిండి దాచుకుంటుంది. ఆకు ఎండిపోయినా కొమ్ము చావదు, తొలకరికి మళ్లీ మొలకెత్తుతుంది. పూలగడ్డ పద్ధతీ అంతే. ఆకులు ఎండతో తిండి తయారు చేసి గడ్డలో నింపుతాయి. ఆ నిల్వతోనే తర్వాతి పువ్వు వస్తుంది. ఆకులు రాలి గడ్డ నిద్రపోయే కాలంలో దానికి నీళ్లు అక్కర్లేదు. అప్పుడు తడి నిలిస్తే బూజు పట్టి కుళ్లుతుంది.

తులిప్ గడ్డలు కొనొద్దు

ఆన్‌లైన్‌లో తులిప్ గడ్డల ఫొటోలు చూసి చాలామంది ఆర్డర్ పెడుతుంటారు. తులిప్ మొగ్గ సరిగ్గా రావాలంటే గడ్డకు సుమారు మూడు నెలలు గట్టి చలి తగలాలి, అంటే 10 డిగ్రీల కంటే తక్కువ. శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కన తులిప్ తోట విరబూసేది అందుకే. మన దగ్గర ఎండాకాలంలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. చలికాలంలో కూడా ఆ గడ్డకు కావలసినంత చలి దొరకదు. ఫ్రిజ్‌లో పెట్టి ఒకసారి పూయించినా రెండో ఏడాది పూయడం కష్టం. ఆ డబ్బుతో మన వాతావరణానికి అలవాటైన గడ్డలు ఎన్నో వస్తాయి.

మన దగ్గర బాగా వచ్చేవి

లిల్లీ: బజారులో లిల్లీ అనీ, పుస్తకాల్లో నేలసంపెంగ అనీ, ఉర్దూలో గుల్‌షబ్బో అనీ పిలిచేది ఇదే. షబ్ అంటే రాత్రి, బో అంటే వాసన. పొద్దు గూకిన తర్వాతే దీని వాసన ఎక్కువవుతుంది. మొక్క పుట్టిల్లు మెక్సికో. దండలకు ఒంటి రెక్క రకాలు మేలు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన శృంగార్, ప్రజ్వల్ అలాంటివే. అదే సంస్థ ఇచ్చిన సువాసిని, వైభవ్ ముద్ద పూల రకాలు.

రెయిన్ లిల్లీ: వాన పడిన కొద్ది రోజులకే గులాబీ, తెలుపు, పసుపు రంగుల్లో పూస్తుంది. పెద్దగా చూసుకోకపోయినా బతుకుతుంది. మొదటిసారి పెంచేవాళ్లు దీంతో మొదలుపెట్టవచ్చు.

ఫుట్‌బాల్ లిల్లీ: ఏడాదికి ఒక్కసారి, మే, జూన్ ప్రాంతంలో ఎర్రటి బంతిలా పూస్తుంది. సగం నీడ చాలు.

అమరిల్లిస్: ఎండాకాలం మొదట్లో పెద్ద గరాటు ఆకారంలో పూలు వస్తాయి.

నాటే పద్ధతి

లిల్లీకి ఫిబ్రవరి, మార్చి మంచి అదను. అది తప్పితే తొలకరి తర్వాత జూన్, జులైలో నాటాలి. గడ్డ గట్టిగా, రెండు మూడు సెంటీమీటర్ల లావు ఉండాలి. చిన్నగడ్డలు ఆ ఏడాది ఆకులే వేస్తాయి. లిల్లీ గడ్డను 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతులో, గడ్డకు గడ్డకు ఒక జానెడు దూరంలో పెట్టాలి. అమరిల్లిస్ గడ్డ మెడ మాత్రం మట్టి పైకి కనిపించాలి.

మట్టి విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎర్ర చెలక నేలలో నీళ్లు తొందరగా ఇంకుతాయి. నల్ల రేగడి మాత్రం తడిని పట్టి ఉంచుతుంది. రేగడి ఉన్నవాళ్లు నేలలో కాకుండా ఎత్తు మడిలో నాటాలి. కుండీకైతే మట్టి, ఇసుక, బాగా మాగిన పెండ ఎరువు సమపాళ్లలో కలిపితే చాలు. సిరిసిల్లలో ఇరుకు ఇళ్లున్నవాళ్లు పాత పెయింట్ డబ్బాలు కూడా వాడుకోవచ్చు, కానీ అడుగున నాలుగైదు రంధ్రాలు తప్పకుండా ఉండాలి. రోహిణి కార్తె ఎండలో స్లాబ్ కాలిపోతుంది. అప్పుడు డబ్బాను ఇటుకల మీద పెట్టి, మధ్యాహ్నం నీడ పడేలా జరపాలి.

మట్టిలో వేలు పెట్టి చూసి, పై పొర ఆరితేనే నీళ్లు పోయాలి. నాటిన 80 నుంచి 100 రోజులకు లిల్లీ కాడ వస్తుంది.

పూసిన తర్వాత

వాడిన పూల కాడను కోసేయాలి. పచ్చగా ఉన్న ఆకులను మాత్రం కోయొద్దు. ఆకు కోస్తే గడ్డకు తిండి పోయినట్టే, వచ్చే ఏడాది పువ్వు ఉండదు. వానాకాలంలో నల్లటి ఒంటి మీద తెలుపు, ఎరుపు చుక్కలున్న పురుగులు అమరిల్లిస్ ఆకులను రాత్రికి రాత్రే తినేస్తాయి. వాటిని కాగితంతో ఏరి సబ్బు నీళ్లలో వేయడం ఇంట్లో చేయగల సులువైన మార్గం.

ఒకసారి పూసిన లిల్లీ గడ్డ మళ్లీ పూయదు, దాని పక్కన పుట్టిన పిల్లలు పూస్తాయి. అందుకే రెండు మూడేళ్లకు ఒకసారి, చలికాలంలో ఆకులు పండిన తర్వాత గుంపును తవ్వి విడదీయాలి. మెత్తబడిన వాటిని పారేసి, మిగిలినవి నీడలో ఆరబెట్టి నెల రోజులు ఉంచి నాటుకోవాలి.

పిల్లలు, మేకలు జాగ్రత్త

అమరిల్లిస్, రెయిన్ లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ గడ్డల్లో లైకోరిన్ అనే విషం ఉంటుంది. తింటే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. చేన్ల గట్ల మీద ఎరుపు, పసుపు మంటల్లా పూసే అగ్నిశిఖ దుంప ఇంకా ప్రమాదం. అందులోని కొల్చిసిన్ ప్రాణం తీయగలదు. చిన్నపిల్లలున్న ఇంట్లో దాన్ని పెంచకపోవడమే మంచిది.

ఆరబెట్టిన పూలగడ్డలను ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ బుట్టలున్న వంటింట్లో ఎప్పుడూ పెట్టొద్దు. పేపర్ సంచిలో వేసి, పేరు రాసి, పిల్లలకు అందని చోట వేలాడదీయాలి. రాత చదవలేని పెద్దవాళ్లుంటే నోటితో కూడా చెప్పాలి. బక్రీద్‌కు ముందు మేకను పెరట్లో కట్టేవాళ్లు ఆ ఆకులు దాని నోటికి అందకుండా చూసుకోవాలి.

ఎవరైనా పొరపాటున తింటే బలవంతంగా వాంతి చేయించొద్దు. నోరు కడిగించి, 108కి ఫోన్ చేయాలి. తిన్న గడ్డ ముక్కను ఆసుపత్రికి వెంట తీసుకెళితే డాక్టర్‌కు పని సులువవుతుంది.

గుంపు పెరిగాక గడ్డలు ఇరుగుపొరుగుకు, అత్తారింటికి పోయే బిడ్డకు ఇవ్వొచ్చు. ఇచ్చేటప్పుడు పేరుతో పాటు "ఇది తినేది కాదు" అని చెప్పి ఇవ్వాలి.