నిన్న కుంకిన చోట పొద్దు కుంకదు

మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలకు ఆ పేరు కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర వల్ల వచ్చింది. చుట్టుపక్కల పల్లెలకు మాత్రం అది ఏనుగు మల్లమ్మ కొండ. ఎత్తు 4,000 అడుగులకు పైమాటే. సాయంత్రం కొండమీది గాలిబండ దగ్గర నిలబడి, చిన్నప్పుడు చూసిన అస్తమయాన్ని మళ్లీ చూడబోయేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. అప్పుడు పొద్దు ఒక గుట్ట వెనక దిగినట్టు గుర్తు, ఇప్పుడు మరోచోట దిగుతోంది.

అది మరపే కానక్కర్లేదు. సూర్యుడు సరిగ్గా పడమట అస్తమించేది మార్చి 20, సెప్టెంబరు 22 తేదీల చుట్టుపక్కల ఒకటి రెండు రోజులే. ఉత్తరాయణ దక్షిణాయనాలతో పాటు ఆ చోటూ జరుగుతూ పోతుంది. మదనపల్లె ప్రాంతంలో జూన్ చివరికీ డిసెంబరు చివరికీ మధ్య ఈ ఎడం దాదాపు 48 డిగ్రీలు. చెయ్యి చాచి బిగించిన పిడికిలి వెడల్పు 10 డిగ్రీలనుకుంటే, ఇంచుమించు ఐదు పిడికిళ్ల దూరం. వేళలో కూడా గంట దాకా తేడా ఉంటుంది. సంక్రాంతి సెలవుల్లో చూసినదాన్ని వేసవి సెలవుల్లో వెతికితే దొరకదు. రంగుల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాలిన సూర్యుడి వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాలి. ఆ దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. దుమ్మును, మబ్బును బట్టి ఆ ఎరుపు రోజుకో తీరు.

ఇక మనసు వైపు. చోటుకీ జ్ఞాపకానికీ మెదడులోనే పొత్తుంది. ఎలుక ఒక నిర్ణీత స్థలానికి చేరినప్పుడే చురుకయ్యే కణాలను హిప్పోకాంపస్ అనే భాగంలో జాన్ ఓకీఫ్ 1971లో గుర్తించారు. 2014 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. కొత్త సంగతులు గుర్తుండటానికి అవసరమైన భాగమూ హిప్పోకాంపసే. 1975లో గాడెన్, బాడ్లీ అనే పరిశోధకులు గజ ఈతగాళ్లకు నీటి అడుగున కొన్ని మాటలు, ఒడ్డున కొన్ని మాటలు నేర్పి చూశారు. ఎక్కడ నేర్చినవి అక్కడే బాగా గుర్తొచ్చాయి. అయితే తర్వాత ఇదే ప్రయోగం చేసినవారికి అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. కాబట్టి బండ మీద నిలబడగానే అన్నీ గుర్తొస్తాయనుకోవడం అత్యాశే.

గుర్తొచ్చినదైనా పెట్టెలో దాచిన చీరలా మడత నలగకుండా బయటికి రాదు. జ్ఞాపకం ప్రతిసారీ కొత్తగా అల్లుకునేదని మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే వాదించారు. తలచుకున్న భయం మెదడులో మళ్లీ స్థిరపడాల్సి ఉంటుందని, ఆలోగా దాన్ని చెరపడం సాధ్యమని 2000లో కరీమ్ నాదర్ బృందం ఎలుకల మీద చూపింది. పదేపదే చెప్పుకొన్న అస్తమయంలో చెప్పేవారి ఊహ కలవడంలో వింత లేదు.

సెల్‌ఫోను ఫొటో దీనికి పూర్తి విరుగుడు కాదు. పొద్దు దిగిన చోటును అది రుజువు చేస్తుంది, అంతవరకే. 2014లో లిండా హెంకెల్ ప్రచురించిన అధ్యయనంలో, మ్యూజియంలో ఫొటో తీసిన వస్తువులు కేవలం చూసినవాటికంటే తక్కువగా గుర్తున్నాయి. వస్తువులో ఒక భాగాన్ని దగ్గరికి లాగి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనిపించలేదు.